ఎడమ రెక్క పైకి

మా వీధిలో బతికినవాళ్ళకి తీపి వాసనంటే రోత. పొద్దున కిటికీ తెరిస్తే చాలు, ఫ్యాక్టరీ గొట్టంలోంచి మాడిన చక్కెర వాసన ఇంట్లోకి చొరబడి దిళ్ళకీ, దుప్పట్లకీ, తడి జుట్టుకీ పట్టుకునేది. ఎవరైనా చుట్టాలొచ్చి "అబ్బ, ఎంత కమ్మగా ఉందో మీ వీధి" అంటే నాకు ఒళ్ళు మండేది. నాలుగు రోజులుండి చూడండి, అప్పుడు చెబుదురుగాని కమ్మదనం సంగతి, అనేదాన్ని.

ఆ ఫ్యాక్టరీలో చేసేది పొద్దున్నే పాలల్లో వేసుకు తినే మొక్కజొన్న రేకులు. పెట్టె మీద నోరు తిరగని పేరేదో ఉండేది గానీ మేమెవరమూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. మాకవి రేకులే. నేను ప్యాకింగులో చేసేదాన్ని. మా ఆయన వంటగదిలో. వంటగదంటే మా ఇంటి వంటగది అనుకునేరు, ఆ మహానుభావుడు ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగడు. ఫ్యాక్టరీలో మొక్కజొన్న నూకని పెద్ద పెద్ద డ్రమ్ముల్లో ఆవిరి మీద ఉడికించే గదిని అలా అనేవాళ్ళం. ఉడికిన నూక ఆరాక రోలర్ల మధ్య నలిగి రేకవుతుంది, ఆ రేకు పొయ్యిలో వేగి మా బల్లల మీదికొస్తుంది. ఆ వంటగదికి మా ఆయన మేస్త్రీ.

గేటు దాటగానే ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన పటం ఉండేది. ఆయన అసలు ఆసుపత్రిలో వంటవాడట. పళ్ళు లేనివాళ్ళకీ, తిన్నది అరగనివాళ్ళకీ ఏం పెట్టాలా అని చూసి చూసి ఈ రేకులు చేశాడట. చిటికెడు ఉప్పు తప్ప ఏమీ వేసేవాడు కాదు. మొదట్లో మందుల దుకాణాల్లోనే అమ్మేవారు. ఆయన కొడుకు వచ్చి చక్కెర పూశాడు. మనవడు వచ్చి పెట్టెలో ప్లాస్టిక్ బొమ్మ పడేశాడు. ఆ మనవడికి జుట్టంతా తెల్లబడినా ఫ్యాక్టరీలో అందరికీ ఇంకా చినబాబే.

"రోగులకని చేసిన తిండి, ఇప్పుడు రోగుల్ని తయారుచేస్తోంది," అనేది మా అత్తయ్య. ఆవిడ నాకంటే ముందు అదే ప్యాకింగులో, అదే బల్ల దగ్గర నడుం వంగేదాకా పనిచేసింది. తిట్టినా ఆ రేకులే తినేది. నోట్లో ఒక్క పన్ను లేదు మరి, పాలల్లో మెత్తగా నానినవి తప్ప గొంతు దిగేవి కావు.

పెద్దాయన పెట్టిన నియమం ఒకటి మాత్రం మిగిలింది. పొద్దున డ్రమ్ములోంచి దింపిన మొదటి వాయిలోంచి మేస్త్రీ అందరి ఎదుటా ఒక పిడికెడు తినాలి. తిని "కానివ్వండి" అంటేనే నూక రోలర్లకి వెళ్తుంది. బాగాలేదంటే వాయి మొత్తం కాలవలోకే. దాన్ని వంటవాడి పిడికెడు అనేవారు.

ఇక ప్యాకింగు ఆడవాళ్ళకి వేరే నియమం ఉండేది. అది యజమానులకి తెలీదు. మేం అట్టపెట్టెల అడుగు రెక్కలు చేత్తో మడిచి జిగురు రాసేవాళ్ళం. మామూలుగా కుడి రెక్క పైకి వచ్చేలా మడవాలి. రేకులు ముక్కిన వాసన వేస్తేనో, పురుగు కనిపిస్తేనో, సూపర్‌వైజరుతో చెప్పి చీవాట్లు తినడం దండగ కాబట్టి, మాట్లాడకుండా ఎడమ రెక్క పైకి మడిచేవాళ్ళం. అంతే. మా వీధి ఆడవాళ్ళెవరైనా దుకాణానికి వెళ్తే ముందు పెట్టెని తిరగేసి అడుగు చూసేవారు. "ఏమమ్మా, బొమ్మ ముందువైపుంటే మీరు వెనకవైపు చూస్తారేంటి?" అని దుకాణంవాళ్ళు నవ్వేవారు.

ఆ గుర్తు కనిపెట్టింది మా అత్తయ్యే. "మొహం చూసి మోసపోకు, అడుగు చూసి కొనుక్కో" అనేది. ఒకసారి నన్ను ఆటపట్టించింది కూడా.

"నా కొడుకుని తిరగేసి చూసే చేసుకున్నావా ఏమిటే?"

"చూసేదాన్నే అత్తయ్యా, పెళ్ళిచూపులకి మీరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి లేవనిచ్చారు కాదుగా!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆయన కూడా నవ్వాడు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. పడితే పడ్డాయి, ఆగలేదు. గోదాము కప్పు ఒక మూల కారుతోందని వేసవినుంచీ చెబుతూనే ఉన్నారు, ఎవరు వింటారు? బస్తాలు అడుగునుంచి తడిసి, గోనెల మీద బూడిదరంగు బూజు లేచింది. చెయ్యి పెడితే నూక వెచ్చగా తగిలేది. తడిసిన ధాన్యం వేడెక్కిందంటే లోపల కుళ్ళు మొదలైనట్టే.

ఆ నూక ఉడికించిన మొదటిరోజు మా ఆయన పిడికెడు నోట్లో వేసుకుని అక్కడే థూ అని ఊసేశాడట. "గొడ్డు కూడా మూతి పెట్టదు దీన్ని! పారబొయ్యండి!" అని అరిచాడట. వాయి మొత్తం కాలవలో పోశారు. సాయంత్రం ఆ సంగతి విని అత్తయ్య కొడుకు బుగ్గలు రెండూ నిమిరింది. నాకూ గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు.

మర్నాడు చినబాబు ఆయన్ని పైకి పిలిచాడు. పైన అద్దాల గదిలో ప్రొడక్షన్ మేనేజరు కుర్చీ ఉంటుంది. అందులో కూర్చునే ముసలాయన ఆ వానాకాలం వెళ్ళగానే దిగిపోతాడని అందరికీ తెలుసు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. ఆ వారమే కొత్తరకం వచ్చింది. కోకో, చక్కెర పాకం కలిపి రేకుల మీద దట్టంగా పూసి, పిల్లల కోసం ప్రత్యేకం అని పెట్టె మీద నవ్వుతున్న ఎలుగుబంటిని వేశారు. పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చం అదే. బూజు పట్టి నల్లబడ్డ రేకుకి ఇంకా నల్లటి పూత.

మా ప్యాకింగులో నా పక్క బల్ల పొట్టి వదినది. ఆవిడ ముక్కుకి సాటి లేదు, మూత తియ్యకుండా కూర మాడిందని చెప్పగలదు. ఆ ముక్కు కూడా ఈ నల్లరేకుల ముందు ఓడిపోయింది.

"ఎంత పీల్చినా మిఠాయి కొట్టు వాసనే వస్తోంది వదినా," అంది చేతులెత్తేసి. "నాలుక మీద వేసుకున్నా తీపి తప్ప తెలియట్లేదు. ఇంక మీ ఆయన్నే అడుగు. నూక బావుందో లేదో ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది? నువ్వు ఏ రెక్కంటే ఆ రెక్క మడుస్తాం."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ సరేనన్నారు. అందరి ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు. ఎలుగుబంటి బొమ్మ కావాలని అప్పటికే దుకాణాల ముందు కింద పడి దొర్లుతున్నారు.

ఆ సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను.

"ఏవండీ, నూక ఎలా ఉంటోంది?"

"బావుంది."

"అది కాదండీ. నల్లరేకుల్లో మాకేమీ తెలియట్లేదు. మీరు చెప్పిన రెక్కే మడుస్తామంటున్నారు అందరూ."

ఆయన కాళ్ళు తుడుచుకున్నాడు. తువ్వాలు దండెం మీద ఆరేసి, ముడతలు సరిచేశాడు.

"తడిసిన బస్తాలు పక్కకి తీయించేశాను. మంచివే వాడుతున్నాం. కుడి రెక్కే మడవండి."

"ఒట్టు?"

"చెప్తున్నానుగా. ప్రతిదానికీ ఒట్లేమిటి?"

ఎవరి అమ్మ కనిపెట్టిన గుర్తుతో అబద్ధం చెబుతున్నాడో ఆయనకి తెలుసు. అది అబద్ధమని నాకు తెలీదు. మేం కుడి రెక్క పైకి మడవడం మొదలుపెట్టాం.

ఆ రోజుల్లోనే ఆయనకి జలుబు పట్టుకుంది. వానలు కదా అనుకున్నాను. రోజుకో ఉతికిన చేతిరుమాలు అడిగి తీసుకెళ్ళేవాడు. సాయంత్రానికి అది ఉండలా చుట్టుకుని, జిగటగా, బకెట్టు అడుగున పడి ఉండేది. అసలే నాకు చీమిడి గుడ్డలంటే కడుపులో దేవుతుంది. విప్పకుండా వేడినీళ్ళలో పడేసి, మొహం పక్కకి తిప్పుకుని నలిపేసేదాన్ని.

ఒక పొద్దున అత్తయ్య, మా పాప బల్ల దగ్గర కూర్చున్నారు. ఇద్దరి ముందూ నల్లరేకుల గిన్నెలు. పాలు అప్పుడే గోధుమరంగుకి తిరుగుతున్నాయి. పెట్టెలోంచి వచ్చిన ప్లాస్టిక్ ఎలుగుబంటిని పాప పాలల్లో ముంచి తేలుస్తోంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, పాప ముందున్న గిన్నె తీసి గట్టు మీద పెట్టాడు.

"దీనికి వద్దు. గుడ్డు ఉడకబెట్టి ఇవ్వు. ఎదిగే పిల్ల."

పాప ఏడుపు లంకించుకుంది. అత్తయ్య నవ్వుతూ తన గిన్నెలోంచి చెంచా ఎత్తి కొడుకు వైపు చాచింది.

"నువ్వైనా తినరా రెండు చెంచాలు. బక్కచిక్కిపోతున్నావు."

ఆయన ఆ చెంచా వైపు చూశాడు. అత్తయ్య మొహం వైపు చూశాడు.

"ఆలస్యమైందమ్మా," అని వెళ్ళిపోయాడు. బయట జోరున వాన. గొడుగు గుమ్మం దగ్గరే మరిచిపోయాడు. నేను గుడ్డు పొయ్యి మీద పెట్టాను. అత్తయ్య తన గిన్నె ఖాళీ చేసి, పాప వదిలేసింది కూడా పారేయడం ఇష్టంలేక తినేసింది.

తర్వాత వీధిలో పిల్లలకి వాంతులు మొదలయ్యాయి. మొదట ఒకరిద్దరు, ఆపైన ఇంటికొకరు. నీళ్ళ వల్లేనని డాక్టరు నీళ్ళు కాచి తాగమన్నాడు, కాచాం. పొట్టి వదిన చిన్నకొడుకుని ఆసుపత్రిలో చేర్చారు. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, పలకరిస్తే పలికేవాడు కాదు. మా అత్తయ్య మంచం పట్టింది. ఏం తిన్నా నిలవట్లేదు.

"మంచినీళ్ళే అయి ఉంటాయిలే," అనేది నీరసంగా. "రేకులంటావా, కుడి రెక్క పెట్టే కదే. ఇంకో రెండు చెంచాలు నానబెట్టు, అవైతేనే దిగుతాయి."

నేనే నానబెట్టాను. నేనే తినిపించాను.

పొట్టి వదిన ఆసుపత్రినుంచి బట్టలకోసం వచ్చి, మా గుమ్మం ముందు ఆగింది. నన్ను జుట్టు పట్టుకుని కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బావుండేది.

"కుడి రెక్క అన్నావు వదినా," అంది. అంతే, వెళ్ళిపోయింది.

నేను లోపలికొచ్చి, ఏం చెయ్యాలో తోచక బట్టల బకెట్టు ముందు కూర్చున్నాను. ఆయన చేతిరుమాలు పైనే ఉంది. ఎందుకు విప్పానో తెలీదు, చేతులకి ఏదో ఒక పని కావాలి కాబట్టి విప్పాను. లోపల చీమిడి లేదు. ఉడికిన నూక ఉంది. ఒక పిడికెడు. కొద్దిగా నమిలి, మింగకుండా ఊసేసిన నూక. పాకం లేదు, కోకో లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే, తడిసిన గోనెల కింద చచ్చిన ఎలుక వాసన.

ఛీ! ఇన్నాళ్ళుగా ఆ గుడ్డలన్నీ నా చేతుల్తో ఉతికాను. అందరి ఎదుటా నోట్లో వేసుకుని, తల ఊపి, "కానివ్వండి" అని, డ్రమ్ము వెనక్కి వెళ్ళి జలుబు నటిస్తూ రుమాల్లోకి ఊసేవాడన్నమాట.

గుడ్డని అలాగే తీసుకెళ్ళి అత్తయ్య చేతిలో పెట్టాను. "ఆయన రుమాలు," అన్నాను. ఆవిడ వాసన చూసింది. వేళ్ళతో ఒక పలుకు నలిపి చూసింది.

"పాప తినడం ఎప్పుడు మానేసింది?" అని అడిగింది చివరికి.

"ఆ రోజు ఆయన వద్దన్నప్పట్నుంచి."

అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందనుకుని దుప్పటి కప్పబోయాను.

"పిల్ల ఎందుకని అడగదుగా," అంది గోడతో. "నన్ను ఆపితే నేను అడుగుతాను."

మర్నాడు పొద్దున నా భుజం పట్టుకుని ఫ్యాక్టరీకి నడిచింది. దారిలో రెండుసార్లు కూర్చుంది. గేటు దగ్గర కాపలావాడు అడ్డుపడబోయి, ఆవిడ మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు. మేం వెళ్ళేసరికి మొదటి వాయి దింపుతున్నారు. గది నిండా ఆవిరి. చినబాబు కూడా ఉన్నాడు, కొత్త రోలరు చూడ్డానికి వచ్చాడు. మా ఆయన అమ్మని చూసి తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"అమ్మా, నువ్వెందుకొచ్చావు ఒంట్లో బాగాలేకుండా?"

"వంటవాడి పిడికెడు చూసి చాలాకాలమైందిరా. తిను, చూస్తాను."

"పెద్దమ్మగారికి పాతవంటే ఎంత ప్రేమో," అని చినబాబు నవ్వాడు.

ఆయన పిడికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నేను ఆయన జేబులోని రుమాలు వైపే చూస్తున్నాను. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. అత్తయ్య తన చెయ్యి చాచి దాన్ని పట్టుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటించినప్పటిలా.

"మింగు నాన్నా."

మింగాడు. గొంతు కదలడం అందరికీ కనిపించింది.

"ఎలా ఉంది?"

ఒక్క మాట చాలు. బాగాలేదు అంటే చాలు. అక్కడున్న పనివాళ్ళందరూ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు, వాళ్ళ పిల్లలూ ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన చినబాబు వైపు ఒకసారి చూశాడు.

"బావుందమ్మా."

"ఇంకో పిడికెడు తిను అయితే."

తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పెదాల చివర నురగ వచ్చింది, అయినా మింగాడు. నూక బాగాలేదని ఒప్పుకోవడం కంటే అది కడుపులో పెట్టుకోవడమే ఆయనకి తేలికైంది. అన్నేళ్ళు ఆ మనిషి పక్కన పడుకున్నానా అని నా ఒంటిమీద నాకే అసహ్యం వేసింది.

"కానివ్వండి," అన్నాడు.

అత్తయ్య ఆయన చెయ్యి వదిలేసి ప్యాకింగులోకి నడిచింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. రుమాలు సంగతి నేనే చెప్పాను. తిట్లూ శాపనార్థాలూ మొదలయ్యాయి. అత్తయ్య నా బల్ల పట్టుకుని నిలబడింది.

"వాణ్ణేం తిడతారే? ఎడమ రెక్క మడిచి మన పిల్లల్ని కాపాడుకున్నాం, ఆ పెట్టెలు లారీ ఎక్కి ఎవరి పిల్లల దగ్గరికి పోతున్నాయో ఏనాడైనా అడిగామా? వాడూ వాడి పిల్లని కాపాడుకున్నాడు. వాడికి నేర్పింది నేనే."

తర్వాత ఒకావిడ ఒక పెట్టె తీసుకుని ఎడమ రెక్క పైకి మడిచింది. మరొకావిడ మడిచింది. ఆ రోజు అన్ని బల్లల మీదా అన్ని పెట్టెలూ అలాగే వెళ్ళాయి. అంతటితో ఆగలేదు. మేం బయటికొచ్చి లారీ డ్రైవర్లకీ, దుకాణాలవాళ్ళకీ, కనిపించిన ప్రతివాళ్ళకీ ఆ గుర్తుకి అర్థమేమిటో చెప్పేశాం. పాత కుడి రెక్క నల్లరేకుల పెట్టెలు ఇంట్లో ఉంటే పారెయ్యమనీ చెప్పాం. ఊరూరా పాకిపోయింది. కొన్నాళ్ళకి లారీలు నిండుగా వెనక్కి రావడం మొదలైంది. ఎలుగుబంటి మాయమైంది. దాంతోపాటు నా ఉద్యోగం, పొట్టి వదిన ఉద్యోగం, ఇంకా చాలామందివి పోయాయి. వదిన కొడుకు ఇంటికైతే వచ్చాడు, కానీ మునుపటిలా పరిగెత్తడం చాలాకాలం చూడలేదు.

అదంతా తర్వాత. పిడికెడు తిన్న రోజు సాయంత్రం ఆయన మామూలు వేళకే ఇంటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది, చేతిలో మాత్రం కొత్త టై ఉంది. కుర్చీ ఖాయం చేశారన్నమాట.

"అమ్మా, నన్ను మేనేజరు చేశారు," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

ఆ ఇల్లు అత్తయ్యది, ఆవిడ కష్టార్జితం. ఆవిడ మంచం మీంచి లేవకుండానే గుమ్మం పక్కకి చెయ్యి చూపించింది. అక్కడ ఫ్యాక్టరీ అట్టపెట్టె ఒకటి, పెద్దది, తాడుతో కట్టి ఉంది. ఆయన బట్టలు నేను మడత పెట్టి ఇస్తే ఆవిడే సర్దింది. అడుగు రెక్కలు కూడా ఆవిడే మడిచి జిగురు రాసింది. నేను రాస్తానన్నాను, ఒప్పుకోలేదు.

"ఏమిటమ్మా ఇది?"

"నీ బట్టలు."

"అమ్మా, నేనిదంతా ఇంటికోసమే..."

"రుమాళ్ళు కూడా పెట్టాను," అంది అత్తయ్య.

ఆయన నా వైపు చూశాడు. నేను పాపని ఎత్తుకుని లోపలి గుమ్మంలో నిలబడ్డాను, జరగలేదు. కాసేపటికి ఆయన వంగి పెట్టెని ఎత్తి భుజానికి ఎత్తుకున్నాడు. మెట్లు దిగి వీధిలోకి నడిచాడు. వాన తెరిపిచ్చింది, ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోనే ఉన్నారు. ఆయన వెళ్తుంటే పెట్టె అడుగు వాళ్ళవైపే ఉంది.

ఆయన పొట్టి వదిన ఇంటి ముందు ఆగి, "వదినా, ఈ ఒక్క పూట..." అనబోయాడు. ఆవిడ ఆయన మొహం చూడలేదు. పెట్టె అడుగు చూసి లోపలికెళ్ళి తలుపేసుకుంది.